బీరువా అద్దంలో మా తమ్ముడు

ఆ కబురు మొదట మా ఇంటికి తెచ్చింది పూల యాదమ్మ. ఆమె రోజూ తెల్లవారక ముందే గులాబీ గంపలు ఆటోలో వేసుకుని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి, ఎనిమిది, ఎనిమిదిన్నరకు చేవెళ్లకు తిరిగి వచ్చేది. ఆ రోజు ఆటో తిన్నగా మా వాకిట్లోకే వచ్చి ఆగింది. యాదమ్మ దిగలేదు. ఖాళీ గంపల మధ్య కూర్చుని ఒడిలో ఒక నల్ల సంచి పట్టుకుని ఉంది. అది మా తమ్ముడి కెమెరా సంచి.

"అనసూయా, జర గట్టిగుండు బిడ్డా" అన్నది. సంచి నా చేతుల్లో పెట్టింది.

మొయినాబాద్ రోడ్డు మీద అందరూ నిలబడి చూస్తుంటే, ఆమె ఒక్కతే తన పైట తీసి వాడి ముఖం మీద కప్పిందని తర్వాత తెలిసింది. నేను దేవుడి ముందు దీపం వెలిగించిన ప్రతిసారీ యాదమ్మను తలుచుకుంటాను.

జరిగింది చెప్పే ముందు నా గురించి ఒక మాట. పూజ చేసుకోకుండా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని మనిషిని నేను. కానీ దయ్యాలు, గాలి సోకడాలు, పోయినవాళ్లు మళ్లీ కనిపించడాలు, వీటిని ఎన్నడూ నమ్మలేదు. మా వాడలో ఎవరి పిల్లకైనా జ్వరం వచ్చి తాయెత్తు కట్టిస్తామంటే, ముందు దవాఖానకు పొండని పోట్లాడేదాన్ని. ఇవాళ కూడా అదే చెబుతాను. కానీ ఇది నా కళ్లతో చూసింది. నాతోపాటు ఈ పని తెలిసిన ఇంకో మనిషి కూడా చూశాడు. అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడి పేరు శ్రీశైలం. నాకంటే ఏడేళ్లు చిన్న. అమ్మను మేము అవ్వ అంటాం. అవ్వ పూలతోటల్లో కూలికి పోతే, వాడిని చంకనేసుకుని నేను ఇంటి దగ్గర ఉండేదాన్ని. అందువల్ల బడికి పోలేదు. నాన్న, అంటే మా బాపు, భజనల్లో పాడే మనిషి. సాయంత్రాలు పని నుంచి వచ్చి పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. నేను చదివిన చదువు అంతా ఆ వాకిట్లోనే. దానికి నాకు ఏ లోటూ అనిపించలేదు. ఒకసారి వాడు నా చంకలో నుంచి జారి గడప మీద పడ్డాడు. ఎడమ కనుబొమ్మ చీలింది. ఆ చీలిక దగ్గర మళ్లీ వెంట్రుక మొలవలేదు. ఆ గీత చూసినప్పుడల్లా నా తప్పే అనుకునేదాన్ని. వాడు మాత్రం "నా గుర్తు అది. తప్పిపోతే దొరకవట్టనీకె" అని నవ్వేవాడు.

గచ్చిబౌలి దిక్కు ఐటీ కంపెనీలు లేస్తూ, అజీజ్‌నగర్ చేలన్నీ ఒకటొకటిగా ఫామ్‌హౌస్‌లు అవుతున్న రోజులవి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, ఫోటోలు, అన్నీ పెరిగాయి. శ్రీశైలం మొయినాబాద్‌లో ఒక షట్టర్ గది కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టాడు. బాపు అప్పటికే పోయాడు. ఒకరోజు వాడు ఆటోలో ఒక కంప్యూటర్ తెచ్చి మా వెనక గదిలో దించాడు.

"నాకెట్ల వొస్తదిరా? నేను బడి మెట్టు ఎక్కినదాన్నా?" అన్నాను.

"ఎక్కకపోయినా నన్ను మోసినవ్ గదా అక్క. గీ మౌస్ నా అంత బరువుండదు తియ్" అన్నాడు.

నెల రోజులు పక్కన కూర్చుని నేర్పాడు. నేను వాడికి అక్షరం నేర్పితే, వాడు నాకు ఈ పని నేర్పాడు. ఇప్పటికీ నా కూడు ఈ పనితోనే. ఆ మేలు మరిచిపోయే గుండె నాకు లేదు.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. శ్రీశైలం ఫోటోలు మామూలు ఫైళ్లలో తీసేవాడు కాదు. రా ఫైళ్లలో తీసేవాడు. రా ఫైలు అంటే ఏమిటని అడిగితే నాకు తెలిసిన భాషలో చెప్పాడు: "బియ్యం అనుకో అక్క. కెమెరా సూసింది సూసినట్టు పచ్చిగ ఉంటది. మనం వండి అన్నం చేసి ఆల్బమ్‌కు ఇస్తం. గని అన్నాన్ని మళ్ల బియ్యం చెయ్యలేం."

మేము వాడే సాఫ్ట్‌వేర్ ఆ బియ్యాన్ని ముట్టుకోదు. వెలుగు పెంచినా, పక్కన కోసేసినా, ఏదైనా చెరిపినా, చేసిన మార్పులన్నీ పక్కన ఒక చిన్న ఫైలులో చీటీలాగా రాసి పెట్టుకుంటుంది. రీసెట్ నొక్కితే ఆ చీటీ పోతుంది, మొదటి ఫోటో మొదటిలాగే వస్తుంది. రా ఫైలు లోపల ఎవరూ చెయ్యి పెట్టలేరు. శ్రీశైలం నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఇక నేను ఎక్కువగా చేసిన పని ఏమిటంటే, మా తమ్ముడిని చెరపడం.

మా దిక్కు పెళ్లిళ్లలో అమ్మాయిని పెళ్లికూతురిని చేసేది ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద గదిలో. ఆ గదిలో బీరువా ఉంటుంది, బీరువాకు నిలువుటద్దం ఉంటుంది. ఎక్కడ నిలబడి తీసినా ఆ అద్దంలో ఫోటోగ్రాఫర్ పడతాడు. పెళ్లివాళ్లకు ఆల్బమ్‌లో వాడు ఉండకూడదు కదా. అందుకని వాడి మీద గోడ రంగు అతికి, పరదా అతికి, క్యాలెండర్ అతికి, అద్దాన్ని ఖాళీ చేసేదాన్ని. ఇత్తడి బిందెల మీద వాడి నీడ పడితే అదీ తీసేసేదాన్ని.

సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగేవాడు: "ఇయ్యాల ఎంతమంది ఇండ్లల్లకెళ్లి వెళ్లగొట్టినవ్ అక్క నన్ను?"

"నాలుగిండ్లు" అనేదాన్ని.

"ఇగ మన ఇంట్లనన్న ఉండనిస్తవా?" అని పీట వాల్చుకుని అన్నానికి కూర్చునేవాడు.

నేను చేసిన ఒక తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. ఆల్బమ్ అచ్చయి పెళ్లివాళ్ల ఇంటికి చేరగానే, ఆ పెళ్లి రా ఫైళ్లన్నీ డిస్కులో నుంచి తీసేసేదాన్ని. గిన్నెలు తోమి బోర్లించినట్టు నాకు అదో తృప్తి. వంట అయిపోయింది, పచ్చి సామాను ఇల్లంతా ఎందుకు అనుకునేదాన్ని. శ్రీశైలం ఎన్నోసార్లు చెప్పాడు.

"తీసెయ్యకక్క. ఇంకో డిస్కు తెస్త. ఎప్పుడన్న అవసరం పడుతది."

"ఎవలకురా?"

"ఎవలకో."

నేను వినలేదు. ఆరేళ్ల పెళ్లిళ్లు అట్లనే తుడిచేశాను. మిగిలినవి వండిన ఫోటోలే. వాటిలో మా తమ్ముడు ఎక్కడా లేడు.

వాడు పోయింది మొయినాబాద్‌లో తెల్లవారుజాము ముహూర్తం పెళ్లి తీసి బండి మీద ఇంటికి వస్తుంటే. ఎవరి తప్పో నేను రాయను. రాసినా వాడు రాడు. పోస్టుమార్టం అయ్యాక బట్టలో చుట్టి ఇచ్చారు. తలతో సహా చుట్టేశారు. అంతకుముందే నేను లోపలికి పోయి చూశాను. చూసి బయటికి వచ్చి, అవ్వకు ముఖం చూపించొద్దని మావాళ్లందరికీ చెప్పింది నేనే. అవ్వ ఆ మూట మీద పడి "ఒక్కపారి విప్పుండ్రి, ఒక్కపారి" అంటుంటే, ఆమె చేతులు పట్టుకుని వెనక్కి లాగింది కూడా నేనే.

ఆ రోజు నుంచి అవ్వ నాతో ఒక్కటే మాట. పొద్దున లేవగానే, మంచం మీద కూర్చుని, నా దిక్కు చూడకుండా అనేది: "నా కొడుకు మొకం సూపియ్యకపోతివి గదనే."

అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు. మూడో ముద్దకు ఆ మాటే.

పదకొండో రోజు దినాలు చెయ్యాలి. ఫోటోకు దండ వేసి, దాని ముందు విస్తరి పెట్టాలి. దానికోసం ముందుగా వెతకబోతే తెలిసింది మాకు, ఊళ్లో ఇన్ని వందల మంది ఫోటోలు తీసినవాడి ఫోటో మా ఇంట్లో లేదని. తియ్యబోతే "నా మొకం ఎవలు కొంటరే" అని తప్పించుకునేవాడు. ఫోన్లలో మంచి కెమెరాలు లేని రోజులు, వాడి ఫోను కూడా ఆ రోడ్డు మీదే నుగ్గయింది. ఓటరు కార్డు మీద ముఖం నల్లటి ముద్దలాగా ఉంది. ఏడో తరగతి బడి ఫోటో ఒకటి దొరికింది. అవ్వకు చూపిస్తే పక్కకు నెట్టేసింది.

"గీ పొల్లగాడు నాకెర్కనే. నాకు ఇప్పటి మొకం కావాలె. గడప దాటి పోయిన మొకం."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, చుట్టాలు తిని నడుము వాల్చాక, నేను వెనక గదిలోకి పోయి కంప్యూటర్ పెట్టాను. ఆల్బమ్ ఇంకా పెళ్లివాళ్లకు ఇవ్వనందువల్ల తీసెయ్యని రా ఫైళ్లు మూడు పెళ్లిళ్లవే ఉన్నాయి. అందులో చివరిది, యాదమ్మ తెచ్చిన సంచిలో నుజ్జయిన కెమెరాలో చెక్కు చెదరని కార్డులోది. దానిలో అద్దమే లేదు.

మిగతా రెండింటిలో అద్దం ఉన్న ఫోటోలన్నీ తీసి, ఒక్కొక్కదానికి రీసెట్ నొక్కుతూ పోయాను. నొక్కిన ప్రతిసారీ గోడ రంగు పోయి, పరదా పోయి, మా తమ్ముడు అద్దంలోకి తిరిగి వచ్చాడు. ఒకచోట భుజం. ఒకచోట మోకాళ్ల మీద కూర్చుని. ఒకచోట స్టూలెక్కి. నీలం గీతల చొక్కా. కానీ అన్నింటిలో కెమెరా ముఖానికి అడ్డం. ఫోటో తీసేవాడి ముఖం మీద కెమెరా ఉండక ఏముంటుంది? ఆ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా నొక్కుతూనే ఉన్నాను. నొక్కుతూ ఏడుస్తూనే ఉన్నాను.

అప్పుడు దొంతన్‌పల్లి పెళ్లి ఫోటో వచ్చింది.

స్వప్న అనే అమ్మాయి పెళ్లి అది. బీరువా ముందు పీట మీద కూర్చుంది. వాళ్ల నానమ్మ అక్షింతలు వేస్తోంది. ఐదు గింజలు ఇంకా గాలిలోనే ఉన్నాయి, ఒకటి అమ్మాయి ముక్కుపుడక పక్కగా. ఈ ఫోటో నాకు బాగా గుర్తు. అద్దంలో శ్రీశైలం సరిగ్గా ఆమె భుజం పక్కన పడ్డాడు, చెరపడానికి సగం రోజు పట్టింది. నల్లటి కెమెరా, దాని పైన జుట్టు, దాని కింద గడ్డం కొస. అంతే ఉండేది. ముఖం ఉండి ఉంటే నా చెయ్యి ఆగేది. చెరిపే పనిలో కంటికి కనిపించినవి నేను మరిచిపోను.

రీసెట్ నొక్కాను.

అద్దంలో కెమెరా వాడి ఛాతీ దగ్గర ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ముఖం మొత్తం కనిపిస్తోంది. ఎడమ కనుబొమ్మ మీద గీత. పెళ్లికూతురిని చూడడం లేదు. నేరుగా ఇటు చూస్తున్నాడు. నోరు కొంచెం తెరిచి, ఏదో అడగబోతున్నట్టు. ఇంటికి రాగానే "తిన్నవా అక్క" అని అడిగేముందు ఉండే ముఖం అది.

నేను కేక వెయ్యలేదు. భయం వెయ్యలేదు. బాపు నేర్పిన నామం నోట్లో తిరుగుతూ ఉంది. లేచి ముఖం కడుక్కుని వచ్చాను. కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టాను. అదే ముఖం.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. ఫోటో తీసిన క్షణంలోనే కెమెరా ఆ రా ఫైలు లోపల ఒక చిన్న ఫోటో కూడా దాస్తుంది. కెమెరా వెనక బుల్లి తెర మీద మనం చూసేది దాన్నే. దాన్ని తీసి పక్కన పెట్టుకున్నాను. అందులో అద్దంలో శ్రీశైలం ముఖానికి కెమెరా అడ్డంగా ఉంది, నేను చెరిపింది చెరిపినట్టు. రెండూ ఒకే ఫైలు. ఒకే నంబరు. ఒకే గంట, నిమిషం, సెకను. నానమ్మ వేళ్లు రెండింటిలో ఒకేలా విచ్చుకుని ఉన్నాయి. గాలిలో ఐదు గింజలు రెండింటిలో ఉన్నచోటే ఉన్నాయి. ముక్కుపుడక పక్క గింజతో సహా. మారింది ఒక్కటే. అద్దంలో మనిషి కెమెరా దించాడు.

మరునాడు ఆ డిస్కు పట్టుకుని మెహదీపట్నం పోయాను. మా ఆల్బమ్‌లన్నీ అచ్చు వేసే రఫీ భాయ్ ఉండేది అక్కడే. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మనిషి, నా మాట నమ్మలేదు.

"అనసూయ బెహెన్, రెండు ఫోటోలు కలిసిపోయినయ్. ఫికర్ వద్దు, నేను సూస్త" అన్నాడు.

చూశాడు. తన కంప్యూటర్‌లో వేసి చూశాడు. వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాడు. చిన్న ఫోటో, పెద్ద ఫోటో పక్కపక్కన పెట్టి, స్కేలు తెర మీద ఆనించి ఆ గింజల మధ్య ఎడం కొలిచాడు. చాయ్ తెప్పించుకున్నాడు గానీ తాగలేదు. చివరికి కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

"రా ఫైల్ల ఎవ్వలు చెయ్యి పెట్టలేరు బెహెన్. ఇది నాకు సమజ్ అయితలేదు. నేను అబద్ధమెందుకు చెప్పాలె" అన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "మీ అమ్మ కోసం ఎంత సైజు కావాలె?"

ముఖం వరకు కోసి పెద్దది చేశాం. బీరువా అద్దం అంచు ఒక పక్క కొంచెం ఉంచాం. నా కళ్ల ముందే ఆ కాగితం మెషీన్‌లో నుంచి మెల్లగా బయటికి వచ్చింది, మొదట జుట్టు, తర్వాత గీత ఉన్న కనుబొమ్మ. రఫీ భాయ్ దాన్ని రెండు చేతులతో అందించాడు.

ఇంటికి తెచ్చి అవ్వ ఒడిలో పెట్టాను. అవ్వ కొంగుతో ఫోటోను తుడిచింది. కనుబొమ్మ మీద గీతను వేలితో రాసింది, ఒకసారి కాదు, చాలాసార్లు.

"ఎవలింట్ల ఉన్నడే వీడు?"

"దొంతన్‌పల్లిల, స్వప్న వాళ్లింట్ల."

"తిన్నడా ఆడ?"

నాకు తెలియదు. పెళ్లి ఇళ్లలో అందరూ లేచాక, ఆఖరి పంక్తిలో తినేది ఫోటో తీసేవాళ్లే. ఒక్కోసారి గిన్నెలు అడుగంటాక.

"అడిగొస్త అవ్వా" అన్నాను.

నిజంగానే పోయాను. దొంతన్‌పల్లి బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకున్నాను. స్వప్న వాళ్లమ్మకు విషయం చెప్పి, ఆ ఫోటో కాగితం చూపించాను. ఆమె చూడగానే వాడిని గుర్తుపట్టింది. అప్పుడు అడిగాను, ఫోటో తీస్తూ తీస్తూ వాడు కెమెరా దించాడా అని.

"తీసేటప్పుడు ఎవలన్న దించుతరా బిడ్డా? నేను పక్కనే ఉంటి. కండ్ల మీదికెళ్లి తీయలేదు" అన్నది. తర్వాత తనంతట తనే చెప్పింది: "తిన్నడు బిడ్డా, మా ఇంట్ల మంచిగ తిన్నడు. చారు రెండుమాట్ల వోపిచ్చుకున్నడు. 'మా అక్క చారు లెక్కనే ఉన్నది పెద్దమ్మా' అన్నడు."

నేను ఆ గడప మీదే కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను లేపి లోపలికి తీసుకుపోయింది. అదే గది, అదే బీరువా. అద్దంలో నేనూ ఆమే ఉన్నాం. మీకు ఇంకా ఇవ్వని ఆల్బమ్‌లో ఆ పేజీలో వాడిని చెరిపేశానమ్మా అని చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు.

"మల్ల వెయ్యి" అన్నది ఆమె. "మా ఇంటికొచ్చి తిన్న మనిషి. అద్దంల ఉంటే మాకేమన్న అడ్డమా? ఉండనియ్యి."

ఎన్ని ఇళ్లల్లో నుంచి నేను వాడిని వెళ్లగొట్టానో! ఒక్క ఇంటివాళ్లు పిలిచి లోపలికి రానిచ్చారు. ఆ పేజీ మళ్లీ అచ్చు వేయించి, ఆల్బమ్ నేనే పోయి ఇచ్చి వచ్చాను.

అవ్వకు చారు సంగతి చెప్పాను. ఆమె ఫోటో దిక్కు చూసి తల ఊపింది. ఆ పూట కంచంలో అన్నం మిగల్చలేదు. "మొకం సూపియ్యకపోతివి" అనే మాట ఆ తర్వాత ఆమె నోట రాలేదు, నాలుగేళ్లకు ఆమె కూడా పోయేదాకా. దినాల రోజు విస్తరి పెట్టింది ఆ ఫోటో ముందే.

ఇదంతా ఎట్లా జరిగిందో నాకు తెలియదు. అద్దం, వెలుతురు, డిస్కు చెడిపోవడం, నా దుఃఖం, అన్నీ ఆలోచించాను. నా దుఃఖమే అయితే రఫీ భాయ్‌కు ఎందుకు కనిపించాలి? డిస్కు చెడిపోతే ఫోటో చెడుతుంది గానీ, కెమెరా కిందికి దిగుతుందా? ఎవరైనా తెలిసినవాళ్లు చెబితే వింటాను. చెప్పకపోయినా బాధ లేదు. ఒక తల్లికి కొడుకు ముఖం దక్కింది. దానికి నేను ఎవరికి దండం పెట్టాలో తెలియక, దేవుడికే పెడుతున్నాను. ఆ ఫైలు ఇప్పుడు మూడు డిస్కుల్లో ఉంది. చిన్న ఫోటోలో కెమెరా వెనక ఉన్నాడు, పెద్ద ఫోటోలో నా దిక్కు చూస్తున్నాడు. ఇప్పుడు నేను ఏ పెళ్లి రా ఫైళ్లూ తీసెయ్యను.

చదివినవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. మీ ఇంట్లో పెళ్లి ఆల్బమ్ ఉంటే ఒకసారి తీసి, పెళ్లికూతురి వెనక బీరువా అద్దం చూడండి. అది ఖాళీగా ఉంటే, అక్కడ ఒకడు నిలబడి ఉన్నాడని, మీ సంతోషం నిండుగా కనబడాలని నాలాంటిది ఎవరో అతన్ని చెరిపేసిందని అనుకోండి. అతని పేరు మీకు గుర్తు లేకపోతే మా తమ్ముడి పేరు తలుచుకోండి. శ్రీశైలం. ఎడమ కనుబొమ్మ మీద గీత ఉంటుంది.